తలా పిడికెడు

తెల్లారి చాలాసేపైనా మేస్త్రీ జగ్గారావు ఇంట్లో పొయ్యి రాజుకోలేదు.

రైల్వే క్వార్టర్ల వరస పొడుగునా గుమ్మాల ముందు బొగ్గుల పొయ్యిలు పొగ కక్కుతున్నాయి. దాలమ్మ మాత్రం చల్లటి పొయ్యి ముందు పీట వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అత్తగారు నూకాలమ్మ మూలనున్న తట్టలోంచి నూనెపీచు తీసి రెండుసార్లు పొయ్యిలో పెట్టింది. రెండుసార్లూ దాలమ్మ దాన్ని తీసి బయట పారేసింది.

"ఏటే నీ యవ్వారం? మొగుడు డూటీకెల్లొద్దా?" అంది నూకాలమ్మ.

"ఎల్లమను. ఆ పీచుతోటి మాత్రం నాను పొయ్యి ముట్టించను."

లోపల జగ్గారావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ అంతా వింటున్నాడు. పెట్టిన గుండీ మళ్లీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. బయటికి రావడానికి అతనికి మొహం చెల్లలేదు.

ఇంతకీ గొడవంతా ఆ పీచు గురించే. వ్యాగన్ ఇరుసు ఎండిపోయి వేడెక్కకుండా దాని పెట్టెలో నూనెలో నానబెట్టిన నూలుపీచు కూరతారు. వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో ఆ పని జగ్గారావు గ్యాంగుది. సాయంత్రం సైరను కూయగానే ప్రతివాడూ పిడికెడు పీచు టిఫిను గిన్నెలో వేసుకుని ఇంటికి తెస్తాడు. దానికి అగ్గిపుల్ల తగిలిస్తే ఎంత తడిసిన బొగ్గయినా రాజుకోవలసిందే. నూకాలమ్మ పెనిమిటి కాలం నుంచీ ఉన్న అలవాటది. చేతికంటిన మసిని ఇంటికి తెచ్చుకుంటే దొంగతనమా? ఇదీ అంతేనని అందరి నమ్మకం.

నిన్న సాయంత్రం గ్యాంగులోని పెద్దవాడు నూకయ్య గోల్‌బజార్ నుంచి ముంతెడు రసగుల్లాలు పట్టుకొచ్చాడు. పండగా కాదు, పబ్బమూ కాదు, ఇవి ఎందుకని దాలమ్మ అడిగింది. మేస్త్రీబాబు నోరు విప్పకుండా ఉండబట్టే గ్యాంగంతా బతికిపోయింది, లేకపోతే సూసన్నకి పట్టిన గతే తమందరికీ పట్టేదని నూకయ్య సంతోషంగా చెప్పాడు. పాపం, ముసలాయన మంచి మాటే చెబుతున్నాననుకున్నాడు. ఆ మాట విని దాలమ్మ తిరిగి తట్టలోని పీచు వైపు చూసింది.

సూసన్న పక్క క్వార్టరు మనిషి. షెడ్డుకి నూనె ఇచ్చే గోదాములో పని. పదిహేను రోజులై అతన్ని పనిలోంచి ఆపేశారు. మంచి నూనె బయట అమ్ముకుని, మిగిలినదాంట్లో పాత నూనె కలిపాడని నేరం. రేపే విచారణ.

జగ్గారావు చివరికి బయటికి వచ్చాడు.

"నాను అబద్ధం సెప్పనేదే దాలీ. నూనె సంగతి అడిగినారు, నూనె సంగతి సెప్పినాను. పీచు సంగతి ఎవులూ అడగనేదు. అడిగుంటే సెప్పీసుందును."

దాలమ్మ తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది.

"కూరలో ఉప్పు సరిపోయిందా మావా అని నానడిగితే, ఇంటికప్పు అంటుకున్నాదని తెలిసి కూడా, సరిపోయిందే అని సెప్పి ఊరుకుంటావా?"

నూకాలమ్మ కొడుకు తరఫున ఏదో అనబోయింది. అంతలోనే చీపురు పుచ్చుకుని, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది.

అబద్ధం చెప్పలేదన్న మాట నిజమే. అదే అతన్ని ఎక్కువగా కోస్తోంది. అబద్ధమాడినవాడికి ఫలానాచోట తప్పానన్న గురుతైనా ఉంటుంది. జగ్గారావు, నూనె సంగతి అడిగిన ఆ రోజు మీటింగు ఎన్నిసార్లు తలచుకున్నా, ఒక్క తప్పు మాట కూడా దొరకడం లేదు.

షెడ్డుకి ఆఫీసరుగా ఘోషాల్ సాహెబు వచ్చి ఏడాది కాలేదు. హిజ్లీ ఇంజనీరింగు కాలేజీలో చదువుకున్నవాడు, కుర్రవాడు, చెడ్డవాడు కాడు. వచ్చిన కొత్తలో ఒకనాడు, పెట్టెకి పట్టేదానికన్నా పీచు ఎక్కువ ఎందుకు ఇస్తున్నారని అడిగాడు. మామూలుగా ఇస్తామండీ అన్నాడు జగ్గారావు. ఆ ఎక్కువ ఎక్కడికి పోతోందని సాహెబు అడగలేదు. మనవాడు చెప్పలేదు. పాతకాలం మేస్త్రీ ఎవరో మనుషుల చేతివాటం తెలిసి, పిడికిళ్లు పోను పెట్టెకి చాలినంత మిగలాలని ఆ మామూలు పెట్టి ఉంటాడు. సాహెబు ఒక్క సంతకంతో మామూలు కొట్టేశాడు. పిడికిళ్లు మాత్రం ఆగలేదు. అంతవరకూ మామూలులోంచి వచ్చిన పీచు అప్పటినుంచీ ఇరుసు పెట్టెలోంచి రావడం మొదలుపెట్టింది.

ఎండలు ముదిరేసరికి వ్యాగన్లు దారిలో ఆగిపోసాగాయి. ఇరుసు పెట్టెల్లోంచి పొగ. పైనుంచి అక్షింతలు. సాహెబు మేస్త్రీలందర్నీ గదిలోకి పిలిచాడు. పిలిచేముందే ఆయన మనసులో ఒక ప్రశ్న తయారుచేసి పెట్టుకున్నాడు. నూనె పలచబడిందా?

అందరూ జగ్గారావు వైపు చూశారు. ఆ ఎండలకి మనుషులే కరిగిపోతున్నారు, నూనె పలచబడకుండా ఉంటుందా? పలచగానే ఉన్నట్టుందండీ అన్నాడు. గదిలో అందరికీ ఊపిరి వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఆ గదిలో ఎవడూ తడుముకోలేదు. అక్కడ అడిగింది గుమ్మడికాయల గురించి కాదు మరి.

తప్పు నూనెది కాదు, పీచుదేనని జగ్గారావుకి మాత్రం ఆ క్షణంలోనే తెలుసు. మామూలు కొట్టేసిన రోజూ ఆ గదిలో ఉన్నవాడు అతనొక్కడే.

చీపురు చప్పుడు ఆగింది. గుమ్మంలో సూసన్న భార్య ఎలీసమ్మ నిలబడి ఉంది. చేతిలో కొబ్బరిచిప్ప. రోజూ ఈ వేళకి వచ్చి, పొయ్యి ముట్టించుకోడానికి ఇంత నూనెపీచు పట్టుకుపోతుంది. ఆ వరసలో పీచు తెచ్చే మగవాడు లేని ఇళ్లన్నిటికీ నూకాలమ్మే పెట్టేది. పెట్టే చెయ్యి అని పేరు కూడా తెచ్చుకుంది.

"అత్తా, రవ్వంత పీచుంటే పెడతావేటి? బొగ్గు రాజుకోడం నేదు."

తట్ట ఎదురుగానే ఉంది. అందులో ఇదివరకు పోగేసిన పాత పీచు ఇంకా సగం ఉంది. నూకాలమ్మ తట్ట వైపు చూసి, కోడలి వైపు చూసింది. దాలమ్మ పీట మీంచి లేచి తట్టకి అడ్డంగా నిలబడింది. అలా ఎందుకు నిలబడిందో తనకే తెలియలేదు. ఇస్తే పాపం. ఇవ్వకపోతే, కష్టంలో ఉన్న ఇంటికి పొయ్యిలో నిప్పు కూడా ఇవ్వలేదన్న మాట మిగులుతుంది. ఇద్దరాడవాళ్ల మధ్యా జగ్గారావు గోడకి చేరబడి, నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు.

ఎలీసమ్మ ఆ మౌనాన్ని మరోలా అర్థం చేసుకుంది. పనిలోంచి ఆపేసినవాడి పెళ్లాన్ని వీళ్లు కూడా దూరం పెడుతున్నారనుకుంది. ఆమె మొహం చిన్నబోయింది. చిప్ప కొంగు చాటుకి పోయింది.

"పోన్లే అప్పా, నానేదో తంటాలు పడతాను," అని దాలమ్మతో చెప్పి వెనక్కి తిరిగింది. మళ్లీ ఆగింది. "మా ఇంటాయనకి తిండి సయించడం నేదు. పీపా మూత నానే మార్చీసుంటాను, పాత నూనె పీపాలో సెయ్యెట్టీసుంటాను, అనీసి తనలో తనే అనుకుంటన్నాడు. సెయ్యనేదయ్యా నువ్వు అంటే, సెయ్యకపోతే అంతమంది సదువుకున్నోల్లు ఎందుకంటారే అంటన్నాడు. హెడ్డుగుమస్తా ఏటో సెప్పినాడంట. పొరపాటైపోనాదని ఒప్పుకుంటే పోలీసోల్లకి ఇవ్వకండా ఊరికే పంపించేస్తారంట."

ఊరికే పంపించడమంటే ఉద్యోగం పోవడం, నెల తిరిగేలోగా క్వార్టరు ఖాళీ చెయ్యడం. ఆ సంగతి అక్కడ నలుగురికీ తెలుసు.

ఎలీసమ్మ వెళ్లిపోయింది. దాలమ్మ తట్ట ఎత్తి, పెరట్లో కుళాయి కింద పీచంతా కుమ్మరించింది. తిరిగి వచ్చి, మొగుడి టిఫిను గిన్నె కడిగి అతని చేతిలో ఖాళీగా పెట్టింది.

"రేపు దాకా ఎందుకు మావా? ఇయ్యాలే సాయేబు కాడికెల్లి సెప్పీ. నీ పరువు పోతే మల్లీ తెచ్చుకుందుం. ఆ మనిసి తను సెయ్యని తప్పు సేసినానని నమ్మీసేలా ఉన్నాడు."

జగ్గారావు తల ఊపి గుమ్మం దాటాడు.

ఘోషాల్ సాహెబు మంచి ఉత్సాహంగా ఉన్నాడు. కూర్చోమన్నాడు. జగ్గారావు కూర్చోలేదు. చెప్పదలచుకున్నది దారిపొడుగునా హిందీలో కూడబలుక్కుంటూనే వచ్చాడు. తీరా సాహెబు మొహం చూసేసరికి అందులో సగం ఎగిరిపోయింది. నూనెది తప్పు కాదు సాబ్, సూసన్నది తప్పు కాదు, పెట్టెల్లో పీచు చాలడం లేదు అన్నాడు.

సాహెబు నవ్వాడు. నూనె మార్చి పదిహేను రోజులైంది, ఒక్క వ్యాగన్ అయినా వేడెక్కిందా అని అడిగాడు. వేడెక్కలేదు. అక్కడే వచ్చింది తంటా. సూసన్నని ఆపేసిన రోజు నుంచీ గ్యాంగు మొత్తం భయపడి పీచు ముట్టుకోవడం మానేసింది. కొత్త నూనె పీపాలూ ఆ రోజే దిగాయి. కాకి వాలడం, తాటిపండు పడడం. కాకి వల్లే పడిందని సాహెబు పైకి రాసి పంపించేశాడు కూడా. పైవాళ్లు మెచ్చుకున్నారు.

"మనుషులు భయపడి పీచు తియ్యడం మానేశారు సాబ్. అందుకే వేడెక్కడం లేదు," అన్నాడు జగ్గారావు.

సాహెబు నవ్వు తగ్గించి ముందుకి వంగాడు. ఆయన నిజంగానే వినదలచుకున్నాడు. ఆ మాట ఇక్కడ చెప్పుకోవాలి.

"ఎవరు మానేశారు? పేర్లు చెప్పు."

పేర్లంటే నూకయ్య. తన మేనమామ కొడుకులిద్దరూ. చిన్నతనంలో తనని భుజాన మోసిన మనుషులూ, తను పని నేర్పిన మనుషులూ. సగం గ్యాంగు వాళ్ల ఊరిదే, మిగతా సగం వియ్యాలవారిది. మేస్త్రీయే అందర్నీ అప్పజెప్పాడంటే ఇక ఆ వరసలో తమ ఇంటికి నీళ్లు పుట్టవు. అదీకాక, ఇన్నాళ్లూ చూస్తూ ఊరుకున్నవాడు తనే. ఇంతమంది దొంగల మీద మేస్త్రీవా అని సాహెబు అడిగితే ఏం చెబుతాడు?

తిలాపాపం తలా పిడికెడన్నారు పెద్దలు. పంచుకున్నప్పుడు తేలిగ్గానే ఉంటుంది. తిరిగి మూట కట్టి ఒకచోట పెట్టాల్సి వచ్చినప్పుడే ఎవరికీ చేతులు రావు.

"నానొక్కడినే సాబ్," అన్నాడు. కంగారులో సగం తెలుగే వచ్చింది. మళ్లీ హిందీలో చెప్పాడు. మా ఇంటి పొయ్యికి రోజూ పిడికెడు పీచు నేనే తీసుకెళ్లాను, ఇంకెవరూ కాదు.

సాహెబు వెనక్కి వాలాడు. ఆయన కళ్లలో కోపం రాలేదు. కోపం వచ్చినా జగ్గారావు బతికిపోయేవాడు. ఆ కళ్లలో వచ్చింది గౌరవం.

ఒక మనిషి పిడికెడు పీచు పట్టుకుపోతే ఇన్ని వ్యాగన్లు ఎలా వేడెక్కుతాయి మేస్త్రీ అన్నాడాయన మెల్లగా. సూసన్న నీ పక్కింటివాడని నాకు తెలుసు. అతనికి పిల్లలున్నారనీ తెలుసు. పక్కవాడి తప్పు నెత్తిన వేసుకోవడానికి వచ్చిన మనిషిని నా సర్వీసులో ఇంతవరకూ చూడలేదు. నువ్వు చెప్పింది నేను వినలేదనుకుంటాను, పనిలోకి వెళ్లు. ఇంత చెప్పి, లేచి వచ్చి జగ్గారావు భుజం తట్టాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్కడిని కాదు సాబ్, అందరం అన్న రెండు ముక్కలు. భుజం మీద చెయ్యి ఉన్నంతసేపూ ఆ రెండు ముక్కలూ గొంతులోనే ఉన్నాయి. చెయ్యి తీసేశాక సాహెబు ఫైలు తెరిచాడు. జగ్గారావు నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. వరండాలో హెడ్డుగుమస్తా కుర్చీలోంచి సగం లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ తల ఎత్తని మనిషి. అన్నీ విన్నాడని జగ్గారావుకి అర్థమైంది. సిగ్గుతో చెవులు మండాయి.

ఆ రోజంతా షెడ్డులో అతను తల వంచుకుని పని చేశాడు. నూకయ్య దగ్గరికి వచ్చి రసగుల్లాలు ఎలా ఉన్నాయని అడిగాడు. బాగున్నాయన్నాడు. నిజానికి ఆ ముంత మూత కూడా ఎవరూ తియ్యలేదు. రేపు విచారణలో అందరి ఎదుటా చెబుతాను, తప్పకుండా చెబుతాను అని మధ్యాహ్నం దాకా అనుకున్నాడు. సైరను కూసే వేళకి, సాహెబే వద్దన్నాక నేనేం చెయ్యను అనుకోవడం మొదలుపెట్టాడు. మనసు అంత త్వరగా దారి వెతుక్కుంటుందని అతనికి ఇంతకుముందు తెలియదు. తెలిశాక తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చేసరికి వరండాలో సూసన్న కూర్చుని ఉన్నాడు. తలదువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పదిహేను రోజుల తర్వాత అతని మొహంలో కాస్త తేట కనిపించింది. జగ్గారావుని చూడగానే లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"హెడ్డుగుమస్తా సెప్పినాడన్నా. నువ్వు పొద్దున్న సాయేబు కాడికెల్లి తప్పంతా నీ మీదేసుకున్నావంట."

"అలాగ కాదు సూసన్నా..."

"నాకు తెలదేటి? పిడికెడు పీచుకి బండ్లు కాల్తాయా? మనందరం ముట్టించుకుంటన్నదే. నా గురించి నువ్వు లేనిపోని మాట కల్పించి సెప్పినావు." సూసన్న పట్టుకున్న చేతులు ఇంకా గట్టిగా నొక్కాడు. "ఈ ఊల్లో నా కోసం నోరిప్పిన మనిసివి నువ్వొక్కడివే. నీకు ముసిలితల్లి ఉన్నాది, గేంగంతా నీ మీదే ఆదారపడున్నాది. నా మూలంగా నీ ఉజ్జోగం పోతే నాను బతకగల్నా? రేపు విచారనలో నువ్వు మల్లీ అదే మాటంటావని బయమేసినాది. అందుకే మద్దేన్నం ఎల్లి, తప్పు నాదేనని ఒప్పీసుకున్నాను. ఇంక విచారన నేదంట. అయిపోనాది."

పక్క క్వార్టరు గుమ్మంలో ఎలీసమ్మ కనిపించింది. పొద్దున్న చిప్ప దాచుకుని వెళ్లిన మనిషి ఇప్పుడు ఇటు తిరిగి రెండు చేతులూ జోడించింది. ఆ దణ్ణాన్ని అతను తీసుకోలేడు, కాదనలేడు.

లోపల్నుంచి దాలమ్మ వచ్చింది. ఆమె అంతా వింది. వచ్చి మొగుడి ఎదుట నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు, పొద్దుటి నిష్ఠూరమూ లేదు. అందుకే జగ్గారావుకి ఎక్కువ భయం వేసింది.

"మావా, సాయేబు కాడ ఏటన్నావు? నానొక్కడినే అన్నావా, అందరం అన్నావా?"

జగ్గారావు గుమ్మం వైపు చూశాడు. గుమ్మం లోపల నూకాలమ్మ గోడ పట్టుకుని నిలబడి, వద్దన్నట్టు కొడుక్కి తల అడ్డంగా ఊపుతోంది.

సూసన్న ముగ్గురి మొహాలూ చూశాడు. ఏదో తనకి తెలియనిది ఇక్కడ ఉందని అతనికి అప్పుడే మొదటిసారి తోచింది.

"అందరం అంటే ఎవులొదినా?" అన్నాడు.

దాలమ్మ మొగుడి వైపు తిరిగింది. మొగుడే చెప్పాలని చూస్తూ నిలబడింది. సూసన్న జగ్గారావు చేతులు ఇంకా వదల్లేదు.